నియంత ఉంటేనే దేశం బాగుపడుతుందా?

ప్రియమైన పిల్లలకు,

ఆసియా దేశాల సమకాలీన చరిత్ర చదివేటప్పుడు మీకు ఒక వాదన తరచూ ఎదురవుతుంది. గట్టి పాలకుడు చేతికి దొరికితేనే పేద దేశం బాగుపడుతుందని, అందుకు దక్షిణ కొరియాయే సాక్ష్యమని చాలామంది నమ్ముతారు. పరిశోధకులు ఈ నమ్మకాన్ని ఎలా పరీక్షకు పెట్టారో మీరు తెలుసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పార్క్ చుంగ్ హీ 1961లో సైనిక కుట్రతో అధికారాన్ని చేజిక్కించుకుని, 1979లో హత్యకు గురయ్యేదాకా కొరియాను ఏలారు. దేశం వేగంగా ఎదిగింది కూడా ఆ కాలంలోనే. అయితే రెండూ ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి మరోదానికి కారణం కాదు కనుక, అటువంటి పాలనే నడిచిన మరో దేశాన్ని పక్కన పెట్టి చూడాలి. ఫిలిప్పీన్స్‌లో ఫెర్డినాండ్ మార్కోస్ 1972లో మార్షల్ లా, అంటే సైనిక శాసనం, విధించారు. 1986లో జనం వీధుల్లోకి వచ్చి గద్దె దింపేదాకా ఆయన కదలలేదు. అక్కడ మిగిలింది పరిశ్రమలు కాదు, అప్పులు.

మరి తేడా ఎక్కడుంది? కొరియాపై ఆలిస్ ఆమ్స్‌డెన్, తైవాన్‌పై రాబర్ట్ వేడ్ చేసిన పరిశోధనలు 1989, 1990లలో వెలువడ్డాయి. ప్రభుత్వం సాయం చేసిందా లేదా అన్నదానికంటే, ఆ సాయానికి ఏ షరతు పెట్టిందన్నదే ముఖ్యమని వాటిని చదివితే అర్థమవుతుంది. కొరియాలో బ్యాంకులు ప్రభుత్వం గుప్పిట్లో ఉండేవి. విదేశీ కొనుగోలుదారు తరఫున వచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను, అంటే సరుకు పంపితే డబ్బు చెల్లిస్తామని అతని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాన్ని, చూపించిన వ్యాపారికి తక్కువ వడ్డీకి అప్పు దొరికేది. 1960ల మధ్య నుంచి అధ్యక్షుడే నెలనెలా ఎగుమతుల సమావేశంలో కూర్చుని, మంత్రులూ వ్యాపారులూ అందరి ఎదుటా, లక్ష్యమెంత, సాధించిందెంత అని లెక్క అడిగేవారు. ఎగుమతి చేసి చూపలేనివారికి ఆదరణ తగ్గిపోయేది. 1964లో 10 కోట్ల డాలర్లుగా ఉన్న ఎగుమతులు 1977 నాటికి 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. ఫిలిప్పీన్స్‌లో చక్కెర, కొబ్బరి వ్యాపారాలపై గుత్తాధిపత్యం పాలకుడి ఆప్తుల చేతికి పోయింది. వారిని లెక్క అడిగే నాథుడే లేడు.

ఇంకో కారణం పార్క్ రాకముందే పడిన పునాది. కొరియాలో 1950లో అమలు మొదలైన భూసంస్కరణ ఒక్కో కుటుంబం సాగుభూమిని దాదాపు మూడు హెక్టార్లకు పరిమితం చేయడంతో జమీందారీ వర్గం పట్టు సడలింది. సర్కారు విధానాలను తమకు అనుకూలంగా తిప్పుకోగల భూస్వాములు అక్కడ మిగలలేదు. ఫిలిప్పీన్స్‌లో వారు చెక్కుచెదరలేదు. నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే, కానీ నియంతను పొగిడేవారి నోట ఇది వినిపించదు.

ఎదుగుదలకు ఎవరు మూల్యం చెల్లించారో కూడా మీరు చూడాలి. సియోల్ బట్టల బజారులో కుట్టుపని చేసే జోన్ తే-ఇల్ అనే 22 ఏళ్ల యువకుడు, కొత్త చట్టమేదీ కోరకుండా, ఉన్న కార్మిక చట్టాన్నే అమలు చేయమని అడిగి అడిగి, 1970 నవంబరులో ప్రాణత్యాగం చేశాడు. ఎగుమతుల అంకెల పక్కన ఆ పేరును కూడా రాసుకోండి. 1987లో ప్రజా ఉద్యమం సైనిక పాలకుల మెడలు వంచి ప్రత్యక్ష ఎన్నికలు సాధించింది. ఆ తరువాత కూడా కొరియా ఎదుగుతూనే ఉంది.

పండితుల మధ్య ఏకాభిప్రాయం ఉందనుకోకండి. తూర్పు ఆసియా ఎదుగుదలలో ఉత్పాదకత, అంటే అంతే శ్రమ, పెట్టుబడితో ఎక్కువ ఉత్పత్తి చేయగలగడం, కంటే అదనపు శ్రమ, పెట్టుబడుల పాత్రే ఎక్కువని ఆర్థికవేత్త పాల్ క్రూగ్‌మన్ 1994లో వాదించారు. 1997లో థాయిలాండ్‌లో మొదలైన ఆసియా ఆర్థిక సంక్షోభం ఆ చర్చను మరింత వేడెక్కించింది. ఆదాయం పెరిగాక కొరియా, తైవాన్ ప్రజాస్వామ్యం వైపు మళ్లాయి. చైనా మాత్రం 1978 సంస్కరణల తరువాత ఎంత సంపన్నమైనా ఏకపార్టీ పాలనలోనే ఉంది. ఎందుకన్న ప్రశ్నకు పరిశోధకులు ఇంకా జవాబు వెతుకుతున్నారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య