"టీఏ వస్తుందిలే" అని అప్పు చేయకండి: అసిస్టెంట్‌షిప్‌లపై అపోహలు, వాస్తవాలు

పోయిన నెల గుంటూరు నుంచి ఒక తండ్రి వచ్చారు. అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. "మొదటి సెమిస్టర్‌కి డబ్బు సర్దుకున్నాం సార్. వెళ్ళాక టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌షిప్, అంటే క్లాసుల్లో ప్రొఫెసర్‌కి సాయం చేసే జీతం పని) ఇస్తారట, ఫీజు మాఫీ అట" అన్నారు. నా దగ్గర ఈ మాట వినపడని వారం లేదు. ఎవరు పుట్టిస్తారో గానీ, ఇళ్ళు తాకట్టు పెట్టిస్తున్నది ఈ పుకారే.

ఐ-20 తీయించాను. సీటు ఇచ్చాక వీసా కోసం యూనివర్సిటీ పంపే కాగితం అది. అందులో ఎడమ పక్క ఖర్చులు, కుడి పక్క ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఉంటుంది. 'ఫండ్స్ ఫ్రమ్ దిస్ స్కూల్' అన్న వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఖాళీ. యూనివర్సిటీ ముందే మాటిచ్చి ఉంటే అక్కడ అంకె ఉంటుంది, విడిగా ఆఫర్ లెటర్ ఉంటుంది. ఆ రెండూ లేకపోతే రెండేళ్ళ ఖర్చూ మీదే అనుకుని లెక్క వేసుకోండి.

టీఏలు, ఆర్‌ఏలు (రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అంటే పరిశోధనలో సాయం చేసే పని) చాలా డిపార్ట్‌మెంట్లలో ముందు పీహెచ్‌డీ వాళ్ళకే వెళ్తాయి. ప్రొఫెసర్ తన గ్రాంటు డబ్బుతో ల్యాబ్‌లో నాలుగైదేళ్ళు ఉండేవాళ్ళనే తీసుకుంటారు కదా. ఎంఎస్ వాళ్ళకి మిగిలినవే, అవీ చాలాచోట్ల సెమిస్టర్ లెక్కన. నేను అక్కడ చదివేటప్పుడు నాకు రెండో సెమిస్టర్‌లో టీఏ వచ్చింది. మూడోది మొదలయ్యే ముందు ఒక మెయిల్: సెక్షన్లు తగ్గాయి, ఈసారి లేదు. నాన్నకి ఫోన్ చేయడానికి ఆ రాత్రంతా ధైర్యం చాలలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్యాంపస్‌లో ఏ పని చేసినా ఫీజు మాఫీ అనేదీ తప్పే. డైనింగ్ హాల్, లైబ్రరీ పనులకి గంటకింత అని ఇస్తారు. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వారానికి 20 గంటలే చేయాలి. అది రూమ్ రెంట్‌కి, సరుకులకి ఆసరా, అంతే. ట్యూషన్ మాఫీ అయినా ఇతర ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల మనమే కట్టుకోవాలి. బయట క్యాష్‌కి పనిచేస్తే స్టూడెంట్‌గా అక్కడ ఉండే స్టేటస్ పోతుంది. డబ్బు తీసుకుని ఆర్‌ఏ ఇప్పిస్తామనేవాళ్ళకి రూపాయి కూడా ఇవ్వకండి.

ఫండింగ్ ఆఫర్ నిజంగా వచ్చిన పిల్లలు మాత్రం రెండ్రోజుల్లో సంతకం పెట్టాలేమోనని టెన్షన్ పడొద్దు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ (పీజీ, పీహెచ్‌డీ చెప్పే యూనివర్సిటీల సంఘం) తీర్మానంలో చేరిన యూనివర్సిటీ అయితే ఏప్రిల్ 15 దాకా గడువు ఉంటుంది.

ఆ తండ్రి రెండేళ్ళ ఖర్చు కాగితం మీద రాయించుకుని వెళ్ళారు. మొన్న ఫోన్ చేశారు. ఫీజు తక్కువున్న ఇంకో యూనివర్సిటీకి అప్లై చేస్తున్నారట.