‘సర్వేనా? మా ఇంటికెవరూ రాలేదే!’: ప్రజారోగ్య పరిశోధనపై అపోహలు, వాస్తవాలు

నేను చదివింది సోషియాలజీ, చేసేది ఆరోగ్య సర్వేలు, ఆఫీసులో నా పక్క కుర్చీ ప్రోగ్రామర్‌ది. పెళ్ళిళ్ళలో ఎవరైనా “ఏం చేస్తుంటావమ్మా?” అంటే ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కాదు. ఎలాగో చెప్పినా, వెంటనే ఈ కింది మాటల్లో ఏదో ఒకటి ఖాయంగా వస్తుంది.

అపోహ: మా ఇంటికి ఎవరూ రాలేదు, కాబట్టి సర్వేలన్నీ ఉత్తివే.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెడూ తినక్కర్లేదు, మెతుకు నొక్కి చూస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తమ్మీద తిరిగింది సుమారు 6.37 లక్షల ఇళ్ళు. అందులో మీ ఇల్లు లేకపోతే వింతేమీ లేదు. మెతుకులు ఎన్ని తీశారన్న దానికంటే గిన్నెలో ఎక్కడెక్కడి నుంచి తీశారన్నదే ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి బ్యాలట్లు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. పత్రిక చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకుంది మరి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట్లో ఉంటాయి? పైగా ఓపిగ్గా నింపి తిరిగి పంపినవాళ్ళ తీరే వేరు. వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి “5 వేల మంది నింపారండీ” అని సంబరపడేవాళ్ళని చూస్తే నాకు ఆ పత్రికే గుర్తొస్తుంది.

అపోహ: ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువెందుకు?

నేను గట్టిగా దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో పైలట్ సర్వే, అంటే అసలు సర్వేకి ముందు చేసే ట్రయల్. టాబ్‌లో ప్రశ్న “మీరు ధూమపానం చేస్తారా?” అని ఉంది. అరవై దాటిన ఒకావిడ నా మొహం వైపు అలాగే చూస్తోంది. “సిగరెట్లు, బీడీలు తాగుతావా అమ్మమ్మా?” అని మార్చి అడిగాను. “నేదమ్మా, అయన్నీ మగోలు తాగుతారు” అంది. ‘లేదు’ నొక్కి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. అంతా అయ్యాక నాకు మంచినీళ్ళిచ్చి, అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది. నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పెదాలు మూసింది. అడ్డపొగ! ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకి ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు. దీనికీ అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కీ సంబంధం ఉందని వైద్య పత్రికల్లో ఎప్పుడో దశాబ్దాల కిందటే వచ్చింది.

ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. నేనడిగింది సిగరెట్ల గురించి, ఆవిడ కాల్చేది చుట్ట. ఆ సాయంత్రమే ప్రశ్న మార్చాం: “చుట్ట కాలుస్తారా? మామూలుగానా, అడ్డపొగా?” అప్పటికే నింపిన 11 ఫారాలు పక్కన పెట్టి మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళాం. పొద్దున ‘లేదు’ అన్నవాళ్ళు కొందరు ఈసారి నవ్వుతూ ‘అవును’ అన్నారు.

వయసు సంగతీ అంతే. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే 50, 55, 60 అంటారు. 57 అనేవాళ్ళు అరుదు. గ్రాఫ్ గీస్తే ఐదేళ్ళకొక తాటిచెట్టు, మధ్యంతా ఖాళీ పొలం. అందుకే కృష్ణా జిల్లా తీరంలోనైతే “దివిసీమ ఉప్పెన నాటికి మీకు పెళ్ళయిందా? చంటిపిల్లలున్నారా?” అని అడిగి, 1977 నుంచి లెక్కేసుకుంటూ వస్తాం.

అపోహ: డేటా బోలెడంత పోస్తే మిగతాది ఏఐ చూసుకుంటుంది.

గూగుల్ 2008లో ఫ్లూ ట్రెండ్స్ మొదలుపెట్టింది. జనం ఏమేం వెతుకుతున్నారో చూసి ఫ్లూ ఎంతుందో చెప్పేయడం దాని పని. 2012-13 సీజన్‌కి వచ్చేసరికి అమెరికాలో అసలు లెక్కకి దాదాపు రెట్టింపు చూపించింది. 2015లో ఆపేశారు. జ్వరమొచ్చినవాడూ వెతుకుతాడు, టీవీలో ఫ్లూ వార్త చూసి హడలిపోయినవాడూ వెతుకుతాడు.

దీనికంటే నాకు ఎక్కువ భయం వేసింది 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పేపర్ చదివినప్పుడు. అమెరికాలో ఏ రోగులకు అదనపు సాయం కావాలో తేల్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది జబ్బు ఎంత ముదిరిందో చూడకుండా, వైద్యానికి ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టేది. తెల్లజాతివారితో సమానంగా జబ్బున్నా నల్లజాతి రోగుల వైద్యానికి అయ్యే ఖర్చు తక్కువ, ఎందుకంటే వాళ్ళకి వైద్యం అందడమే తక్కువ. దాంతో వాళ్ళకి పెద్దగా జబ్బేమీ లేదని అది తేల్చేది. ఈ తేడా సరిచేస్తే సాయానికి ఎంపికయ్యే వాళ్ళలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి చేరుతుందని ఆ పేపర్ లెక్క. మా ప్రోగ్రామర్ ఆ పేపరంతా చదివి, “అక్కా, ఆ సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఎక్కడా లేదు, చెప్పిన పనే చేసింది, అదే టెన్షన్” అన్నాడు. ఆరోగ్యశ్రీ బిల్లులు చూసి ఏ మండలంలో జబ్బులెక్కువో చెప్పేస్తామని ఎవరైనా వస్తే, నేనడిగేది ఒకటే: ఆసుపత్రికి బస్సు లేని ఊరి బిల్లు ఏదీ?

అపోహ: మనుషులు తప్పు చెప్పొచ్చు, రక్తపరీక్ష చెప్పదు.

దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత అన్న అంకె మీరు వినే ఉంటారు. అది పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికొస గుచ్చి తీసిన చుక్కతో వచ్చింది. రక్తం రావట్లేదని వేలు గట్టిగా పిండితే కణాల మధ్య ఉండే నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. నరం నుంచి తీసిన రక్తంతో పోలిస్తే ఎంత తేడా అన్న దాని మీద నిపుణుల మధ్య పెద్ద వాదనే నడిచింది. చివరికి ఆ పరీక్షని తర్వాతి కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసేసి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేసే మరో సర్వేకి అప్పగించారు. రక్తహీనత ఉందా లేదా అన్నది ఇక్కడ గొడవ కాదు, ఎంతుందన్నదే.

అపోహ: సంతకం పెట్టారంటే ఒప్పుకున్నట్టే.

ఖమ్మం జిల్లాలో 2009లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాపై (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ఒక ప్రాజెక్టు జరిగింది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మేమిప్పుడు సంతకం తీసుకున్నాక కూడా “మేమెందుకొచ్చామో మీ మాటల్లో చెప్పండి” అని అడుగుతాం. ఒకావిడ అప్పటికే చక్కగా సంతకం పెట్టేసి, “రేషన్ కార్డులో మా కోడలి పేరెక్కించడానికే కదమ్మా?” అంది. ఆ ఫారం రద్దు చేసి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాం. అంతా విని, “అయితే నాకొద్దులే” అని లోపలికెళ్ళిపోయింది.