‘కరెంటు బ్యాక్టీరియా’ గురించి మా వైపు వినే అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి ధాన్యం నానబెట్టిన నీళ్లు క్యాన్లలో తెచ్చుకుని, వాటిని బ్యాక్టీరియాతో శుభ్రం చేసే పని నాది. ఆ కంపు చొక్కాకి పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ పోదు.

అపోహ: కరెంటు పెడితే బ్యాక్టీరియా చచ్చిపోదా?

మిల్లులో ఒక కళాసీ ‘ఇదేటి బాబూ, నీళ్లకి షాకిస్తారా?’ అని నవ్వాడు. షాక్ కాదు. తిన్న తిండిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లను మనం ఆక్సిజన్‌కు అప్పజెబుతాం. గాలాడని బురదలో బతికే జియోబాక్టర్, షెవనెల్లా లాంటివి ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లకు అప్పజెబుతాయి. గరివిడి, చీపురుపల్లి వైపు గనుల్లో దొరికే నల్లటి మాంగనీసు రాయి ఉంది చూశారూ, అలాంటి ఖనిజంతోనే వీటికి ఊపిరాడుతుంది. రాయి బదులు మేం కార్బన్ ఫెల్ట్ (కరెంటు పారే నల్లటి కార్బన్ గుడ్డ) ముక్క ఇస్తాం, అంతే. దానికి అప్పజెప్పిన ఎలక్ట్రాన్లు తీగలోంచి పారితే అదే కరెంటు. ఈ మొత్తం అమరికనే సెల్లు అంటాం. బయటి నుంచి వోల్టేజీ ఇచ్చినా సాధారణంగా ఒక వోల్టు లోపే. టార్చిలైటు బ్యాటరీయే 1.5 వోల్టులు.

అపోహ: అయితే ఈ నీళ్లతో మిల్లే నడపొచ్చు!

నడపలేం. పనిచేస్తున్న సెల్లు ఇచ్చేది 0.3 నుంచి 0.5 వోల్టు. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికే 1.8 దాకా కావాలి. లాభం వేరే చోట ఉంది. మామూలు శుద్ధి ప్లాంటులో కరెంటు బిల్లులో పెద్ద వాటా గాలి ఊదే బ్లోయర్లదే. ఇక్కడ మురికిని తినే గదిలోకి గాలి ఊదక్కర్లేదు, మిగిలే బురదా తక్కువే.

అపోహ: ఏ కాలుష్యాన్నైనా తినేస్తుంది

కవిటి, సోంపేట వైపు నుంచి ‘మా బోరుకి పెట్టండి సార్, కిడ్నీ జబ్బు పోతుంది’ అని అడుగుతారు. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. కారణం తెలియనిదానికి మందు అమ్మడం నావల్ల కాదు.

ఈ బ్యాక్టీరియాకు తెలిసింది ఎలక్ట్రాన్లు ఇవ్వడం, పుచ్చుకోవడం. మిల్లు నీళ్లలోని సేంద్రియ మురికిని తింటుంది. ఇలాంటివాటిలో కొన్ని రకాలు నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తాయి. కొన్ని విషపు క్రోమియం-6ను క్రోమియం-3 చేస్తాయి, అది అడుగుకు దిగుతుంది. కానీ లోహం ఎక్కడికీ పోదు, ఆ మడ్డిని మనమే తీసి జాగ్రత్తగా పారేయాలి. ఫ్లోరైడు జోలికి మాత్రం ఈ బ్యాక్టీరియా అసలు పోదు. ఇక తాగడమంటారా, సెల్లులోంచి వచ్చిన నీళ్లు అలాగే తాగకూడదు.

అపోహ: ప్యాకెట్‌లో పౌడర్ దొరుకుతుందట

కొనక్కర్లేదు, గెడ్డ అడుగున నల్లబురద చాలు. కావలసింది ఓపిక. కార్బన్ మీద పొర కట్టడానికి వారాలు పడుతుంది. ఒకసారి మూత సరిగా బిగించకుండా ఇంటికెళ్లిపోయాను. గాలి చొరబడి, 0.4 వోల్టు చూపే మీటరు పొద్దున్నకి 0.05కి పడిపోయింది. టెన్షన్‌తో మూత బిగించి, కొత్త నీళ్లు పోసి కూర్చున్నాను. పొర చావలేదు. నాలుగో రోజు సాయంత్రానికి మళ్లీ 0.38.