మెటల్‌కోర్ ఆల్బమ్ రికార్డింగ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి బైరాగిపట్టెడలో నాది చిన్న రికార్డింగ్ స్టూడియో. ఎక్కువగా వచ్చేది భక్తి పాటలు, నాదస్వరం, డోలు, అప్పుడప్పుడు షాపుల యాడ్స్. పోయినేడు ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలు ఐదుగురు వచ్చి, తొమ్మిది పాటలతో తెలుగులో మెటల్‌కోర్ ఆల్బమ్ చేయాలి అన్నా, అని అడిగారు. పూర్తయ్యేసరికి ఏడు నెలలు పట్టింది, నాకు అంతగా నచ్చిన పని ఈ మధ్యకాలంలో ఇంకోటి లేదు. అప్పటి నుంచి చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి నుంచి కూడా పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు, అందరివీ దాదాపు అవే ప్రశ్నలు, వాటి వెనక అవే అపోహలు. అందుకే ఒకేచోట రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. హార్డ్‌కోర్ పంక్‌లోని కోపం, మెటల్ గిటార్లలోని పనితనం కలిస్తే మెటల్‌కోర్. అరుపులు ఉంటాయి, చాలా బ్యాండ్లలో మధ్యలో మామూలు గొంతుతో పాడే కోరస్ వస్తుంది, బ్రేక్‌డౌన్ అనే బరువైన భాగం వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు 2002లో వచ్చిన కిల్‌స్విచ్ ఎంగేజ్ బ్యాండ్ ఆల్బమ్ ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్’ వినమని చెప్తా.

అపోహ: గిటార్ గెయిన్ ఎంత పెంచితే పాట అంత హెవీ.

గెయిన్ అంటే గిటార్ శబ్దాన్ని చీల్చి గరుకుగా మార్చే నాబ్. ఈ మాటను అందరికంటే గట్టిగా నమ్మేది గిటారిస్టులే. గదిలో ఒక్కడే కూర్చుని వాయించుకునేటప్పుడు గెయిన్ పూర్తిగా తిప్పి, మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) తీసేస్తే నిజంగానే భయంకరంగా వినిపిస్తుంది, కాదనను. కానీ అదే టోన్‌ను డ్రమ్స్, బేస్ పక్కన పెట్టి చూడండి, గిటార్ మాయమై వెనక ఎక్కడో తేనెటీగల రొద మిగులుతుంది. గెయిన్ పెరిగేకొద్దీ ప్రతి నోటు ఒకే మట్టానికి నొక్కుకుపోతుంది, పిక్ తీగను కొట్టిన ఆ మొదటి ‘టక్’ చచ్చిపోతుంది. మనకు బరువు తెలిసేదే ఆ టక్ వల్ల.

స్టూడియోలో చేసేది వేరు. మీరు ఇంట్లో పెట్టుకునేదానికంటే గెయిన్ బాగా తగ్గించి, ఒకే రిఫ్‌ను (పాటలో పదేపదే వచ్చే గిటార్ ముక్క) రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమ స్పీకర్‌కు, ఒకటి కుడికి పంపుతాం. ఒక టేకును కాపీ చేసి రెండు వైపులా పెడితే ఆ వెడల్పు రాదు, అది మధ్యలోనే కూర్చుంటుంది. రెండుసార్లు వాయించినప్పుడు మనిషి చేతిలో వచ్చే చిన్న చిన్న తేడాలే గిటార్‌ను గోడలాగా విప్పుతాయి. అయితే ఆ రెండు టేకులు వెంట్రుకవాసి తేడాతో కలవాలి, లేకపోతే గోడ కాదు, బురద. మా పిల్లల మొదటి పాటలో ఒక్క రిఫ్‌కే రెండు సాయంత్రాలు పోయాయి, గిటారిస్టు చెయ్యి నొప్పి పుట్టింది, మరుసటి వారం వచ్చి ఇరవై నిమిషాల్లో వాయించేశాడు.

ఇంకో సంగతి, మీరు గిటార్ అనుకుని వినే బరువులో సగం బేస్ గిటార్‌ది. మిక్స్‌లో బేస్ మ్యూట్ చేసి వినిపించినప్పుడు మా పిల్లల ముఖాలు చూడాల్సింది. ఆ రోజు నుంచి వాళ్ల బేసిస్టుకు బ్యాండ్‌లో మర్యాద పెరిగింది.

అపోహ: ట్యూనింగ్ కిందికి దించితే చాలు.

మామూలు ట్యూనింగ్‌లో గిటార్ మందపు తీగ దాదాపు 82 హెర్ట్జ్‌లో మోగుతుంది. డ్రాప్ సి (ఆ తీగను సి స్వరానికి దించే ట్యూనింగ్) పెడితే 65 దగ్గరికి వస్తుంది. మామూలు ట్యూనింగ్‌కు వాడే అదే సన్నటి 10-46 తీగల సెట్ ఉంచి దించితే తీగ బట్టలు ఆరేసే తాడులాగా వేలాడుతుంది, గట్టిగా కొట్టగానే శ్రుతి పైకి పోయి మళ్లీ కిందికొస్తుంది. మందం తీగలు వేయండి, ఇంటొనేషన్ (తీగను ఎక్కడ నొక్కినా శ్రుతి సరిగ్గా పలకడం) సరిచేయించుకుని రండి. రెండు మూడు టేకులకొకసారి శ్రుతి చూసుకోండి. డోలు కళాకారులు కచేరీ మధ్యలో కూడా వార్లు బిగించుకుంటారు, అందులో నామోషీ ఏముంది?

అపోహ: డ్రమ్స్ అంతా కంప్యూటరే వాయిస్తుంది.

సగం నిజం. కొన్ని ఆల్బమ్‌లలో డ్రమ్స్ పూర్తిగా ప్రోగ్రామింగే. మనిషి వాయించినచోట కూడా కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బల కింద శాంపిల్, అంటే ముందే రికార్డు చేసిన దెబ్బ, కలపడం ఈ సంగీతంలో చాలా మామూలు, ఎందుకంటే అంత వేగంలో డబుల్ కిక్ ప్రతి దెబ్బా ఒకే బలంతో పడటం కష్టం, గిటార్ల మధ్య నుంచి అది వినిపించాలి కూడా. దాన్ని మోసం అనుకోను. కానీ మెట్రోనమ్‌కు కట్టుబడి వాయించలేని డ్రమ్మర్‌ను శాంపిల్ కాపాడలేదు. ఎడిట్ చేసి స్క్రీన్ మీది తాళం గీతల మీదికి లాగొచ్చు, లాగాక ఆ పాటలో అతని చెయ్యి మిగలదు. సింబల్స్ మాత్రం నిజమైనవే రికార్డు చేయమంటాను, ప్రాణం అక్కడే ఉంటుంది. మే నెల ఎండల్లో ఏసీ ఆన్ చేసి ఆఫ్ చేసే ప్రతిసారీ డ్రమ్ చర్మం బిగువు మారుతుంది, అందుకే ఒక పాట పూర్తయ్యేదాకా ఏసీని కదిలించను.

అపోహ: బ్రేక్‌డౌన్ అంటే అందరూ కలిసి గోల చేయడం.

కాదు, పూర్తిగా తిరగేసి చెప్పాలి. బ్రేక్‌డౌన్‌లో ఉండేది ఖాళీ. అప్పటిదాకా పరుగెత్తిన పాట ఒక్కసారి సగం నడకకు పడిపోతుంది, గిటార్, కిక్ ఒకే దెబ్బ మీద కలిసి పడి అక్కడే ఆగిపోతాయి, ఆ నిశ్శబ్దంలో మన ఒళ్లు తర్వాతి దెబ్బ కోసం కాచుకుని ఉంటుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో డప్పులు చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. దరువు మారే ముందు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, జనం ఊగేది అప్పుడే. రికార్డింగ్‌లో ఈ ఖాళీని శుభ్రంగా ఉంచడానికే ఎక్కువ పని. తీగల మిగులు శబ్దం, ఆంప్ హమ్, సింబల్ తోక అన్నీ కత్తిరించాలి. దెబ్బ ఎంత గట్టిగా పడిందో తెలిసేది దాని తర్వాత ఏమీ లేనప్పుడే.

అపోహ: చెన్నైకో బెంగళూరుకో పోతేనే ఆల్బమ్ అవుతుంది.

డ్రమ్స్‌కు మంచి గది కావాలంటే పోండి, నేనే పంపిస్తా. కానీ ముందు పాటలు సిద్ధం చేసుకోండి. ఆస్ట్రేలియా బ్యాండ్ పార్క్‌వే డ్రైవ్ 2005లో వచ్చిన తమ మొదటి ఆల్బమ్‌ను అమెరికా వెళ్లి, కిల్‌స్విచ్ ఎంగేజ్ గిటారిస్ట్ ఆడమ్ డట్కీవిచ్ దగ్గర రెండు వారాల్లో ముగించింది. మనవాళ్లు కొందరు గంటలెక్కన డబ్బు కట్టి, స్టూడియోలో కూర్చుని రిఫ్ రాసుకుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు ఇంట్లోవాళ్లది.

అపోహ: మాస్టరింగ్‌లో సౌండ్ పెంచేస్తే మిగతావాళ్లను మించిపోతాం.

మాస్టరింగ్ అంటే విడుదలకు ముందు పాటకు చేసే చివరి మెరుగు. స్పాటిఫై మామూలుగా పాటలన్నింటినీ మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. అంతకంటే గట్టిగా చేస్తే వాళ్లే తగ్గిస్తారు, మీకు మిగిలేది నలిగిన డ్రమ్స్.

అపోహ: అరవడమే కదా, ఎవరైనా అరుస్తారు. లేదా, అరిస్తే గొంతు పోతుంది.

ఈ రెండూ ఒకే ఇంట్లో వింటాను, మొదటిది కొడుకు, రెండోది అమ్మ. అమ్మ చెప్పేది కొంత సరైనదే. పద్ధతి లేకుండా అరిస్తే గొంతు దెబ్బతింటుంది. అనుభవజ్ఞులకు కూడా తప్పదని చెప్పడానికి, కిల్‌స్విచ్ ఎంగేజ్ గాయకుడు జెస్సీ లీచ్‌కు 2018లో స్వరతంతువుల సర్జరీ అయింది.

సరిగ్గా చేసే అరుపులో ఆ గరుకుదనం చాలావరకు స్వరతంతువుల పైన ఉండే మరో జత మడతల నుంచి వస్తుంది. గాలి కింద నుంచి, పొట్ట ఆనుకుని, అదుపుగా రావాలి. నాదస్వరం విద్వాంసుల ఊపిరి గమనించమని మా బ్యాండ్‌లో అరిచే పిల్లాడికి చెప్పాను, వాడు నిజంగానే ఒక రికార్డింగ్ మొత్తం మూల కూర్చుని చూశాడు. వినేవాళ్లు అనుకునేంత గట్టిగా కూడా ఉండదది, మైక్, కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించేది) దాన్ని దగ్గరకు తెస్తాయి. నా స్టూడియోలో రోజుకు రెండు గంటలే అరుపులు. మంట అనిపిస్తే ఆ రోజుకు ఆపేయాలి, ఇంకొక్క టేక్ అన్నా అని బతిమాలినా ఒప్పుకోను.

అపోహ: తెలుగు దీనికి పనికిరాదు.

దీని మీద నాకు చాలా పట్టుదల. ఇబ్బంది ఒకటి నిజంగా ఉంది, ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో టక్కున ఆగుతాయి, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. గిటార్ ఆగిపోయాక కూడా గొంతు ‘ఆ’ అనో ‘ఊ’ అనో సాగుతూ ఉంటుంది. మొదటి రెండు పాటల్లో అదే జరిగి బ్రేక్‌డౌన్‌లు వదులైపోయాయి.

తర్వాత పిల్లలూ నేనూ కూర్చుని సాహిత్యం మళ్లీ చూశాం. తెలుగులో ద్విత్వాలు ఉన్నాయి కదా, గడ్డ, దెబ్బ, నిప్పు, మొక్కు. ఆ ఒత్తక్షరం పలికే ముందు నోరు ఒక్క క్షణం మూసుకుంటుంది. అరచేత్తో తీగ నొక్కి కొట్టే గిటార్ దెబ్బ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ‘పగలగొట్టు’ అన్న మాట తీసుకోండి. ప, గ, ల, గొ నాలుగు పరుగు దెబ్బల మీద, ‘ట్టు’ సరిగ్గా కిక్ మీద. చివరి ఉకారాన్ని మాటల్లో మనం ఎలాగూ పొట్టిగానే పలుకుతాం, మిగిలిన తోక నేను ఎడిట్‌లో కోశాను. కోరస్‌కు మాత్రం దీర్ఘాలతో ముగిసే మాటలు ఏరుకున్నారు, అక్కడ సాగదీయడమే కావాలి కాబట్టి. ఆ ‘పగలగొట్టు’ మూడో టేక్‌లో కుదిరింది, ఆల్బమ్‌లో ఉన్నది అదే.