పగలు తలుపులు మూసుకుని వండుకునే మొక్క

పర్లాకిమిడి నుంచి తెలిసిన అక్క ఒకరు ఫోటో పంపి అడిగారు. "తమ్ముడూ, ఈ ఆర్కిడ్ విశాఖపట్నంలో పూలతో కొన్నాను. హాల్లో పెట్టుకున్నాను. ఆకులు చూడు, ఎంత ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయో! మూడేళ్ళయింది, మళ్ళీ ఒక్క పువ్వు లేదు. నీడలో పెంచమనే కదా అందరూ చెప్పారు?"

ఫోటో చూడగానే సంగతి అర్థమైంది. ఆ ముదురు పచ్చదనమే జబ్బు గుర్తు.

వెలుగు విషయంలో మన కంటిని నమ్మడానికి లేదు. ఎండలోంచి ఇంట్లోకి వచ్చిన కాసేపటికే కనుపాప విప్పారి, గదంతా వెలుగుగానే ఉందనిపిస్తుంది. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. ట్యూబ్‌లైటు వేసిన హాలు 300 దగ్గర ఉంటుంది. అక్క దగ్గరున్నది ఫలనాప్సిస్, సీతాకోకచిలుక రెక్కల్లాంటి పూలది. దానికి కావలసింది 10,000 నుంచి 15,000. అది నీడమొక్కే, కాకపోతే చెట్టు నీడ మొక్క. చెట్టు నీడ వేరు, గోడల మధ్య నీడ వేరు.

ఇంత వెలుగు దేనికో తెలియాలంటే రణపాల ఆకు దగ్గరికి వెళ్ళాలి. మన మొక్కలను వర్ణించిన రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోట చూసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త మన దేశంలో ఈ ఆకు నమిలి చూశాడు. పొద్దున చుక్కకూరంత పులుపు, మధ్యాహ్నానికి ఏ రుచీ లేదు, సాయంత్రానికి కాస్త చేదు. ఆయన ఈ సంగతి రాసిన ఉత్తరం 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. నాలుక తప్ప వేరే పరికరం లేకుండా కనిపెట్టిన విషయం! మన పిల్లల చేత మాత్రం దీని పేరు "క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ" అని బట్టీ పట్టిస్తాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళం, ఈ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంది. మందార రేకులు కాగితం మీద రుద్ది, పొద్దున ఆరింటికి కోసిన ఆకు రసం ఒక చుక్క, సాయంత్రం కోసిన ఆకు రసం ఒక చుక్క వేయించండి. పొద్దుటి చుక్క కిందే ఎరుపు ఎక్కువ తేలుతుంది. అది చూసిన పిల్లవాడు ఈ పాఠం మరిచిపోడు.

దళసరి ఆకుల ఆర్కిడ్లు కూడా రణపాల దారిలోనే నడుస్తాయి. కొమ్మ మీద బతుకు, వేరు కింద మట్టి లేదు, వానొస్తేనే నీళ్ళు. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే ఉన్న తడి కాస్తా ఆవిరైపోతుంది. అందుకని రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, మాలిక్ ఆమ్లంగా మార్చి కణంలోని రిక్తికల్లో, అంటే రసం నిలవుండే సంచుల్లో, నింపుకుంటాయి. తెల్లారాక తలుపులు మూసి, ఆ ఆమ్లం లోంచి కార్బన్ డయాక్సైడ్ విడదీసి, వెలుగుతో చక్కెర చేసుకుంటాయి.

బెల్లం వండే చోటు చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. రాత్రి చేరిన ఆమ్లం పెనంలో పోసిన చెరకు రసం, వెలుగు పొయ్యిలో మంట. మంట సన్నగా ఉంటే సాయంత్రానికి పాకం రాదు, రసం పెనంలోనే మిగిలిపోతుంది. ఇక ఈ రాత్రి వచ్చే రసం ఎక్కడ పోస్తారు? ఇంకో చిక్కుంది. రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేది పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము. అది పని చేయాలంటే పెప్ అనే మూడు కార్బన్ల పదార్థం అందాలి, అది నిన్న పగలు చేసి దాచిన పిండిపదార్థం నుంచే రావాలి. అంటే నిన్నటి బెల్లం అమ్మితేనే ఇవాళ చెరకు బండికి కిరాయి. ఇలా రోజురోజుకీ వంట తగ్గుతూ పోతుంది. మొక్క చావదు, ఆకులు నిలబెట్టుకుంటుంది. దొరికే ఆ కాస్త వెలుగునూ ఒడిసిపట్టడానికి పత్రహరితం పెంచుకుంటుంది, అందుకే ఆ ముదురు రంగు. పూకాడ వేయడానికి మాత్రం మిగులు ఉండదు. ఫలనాప్సిస్‌కు చల్లదనం కూడా కావాలి, 28 డిగ్రీలు దాటితే పూకాడ రాదు. మన వైపు ఆ చల్లదనం చలికాలంలోనే దొరుకుతుంది. అప్పటికి ఒంట్లో చక్కెర ఉండాలి కదా.

మరి మంట ఎక్కువైతే? పెనం మాడుతుంది. మామూలు ఆకు పగలు నీటిని ఆవిరి చేసి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. తలుపులు మూసుకున్న ఆర్కిడ్‌కు ఆ చెమట లేదు. ఎక్కువైన వెలుగును జియాజాంథిన్ అనే పసుపు వర్ణకం సాయంతో వేడిగా వదిలేస్తుంది. అదీ చాలకపోతే కాంతిని వాడుకునే యంత్రంలో డి1 అనే ప్రోటీన్ చెడిపోతుంది, మరమ్మతు వెనకబడుతుంది. నీడలో ముదిరిన ఆకు అయితే ఇంకా త్వరగా దెబ్బతింటుంది, వెలుగు పట్టే వలలు దానికే పెద్దవి. ఒక ఏప్రిల్‌లో వాండా అనే నా ఇంకో ఆర్కిడ్‌ను వరండా నుంచి నేరుగా మేడ మీద పెట్టాను. సాయంత్రానికి రూపాయి బిళ్ళంత మచ్చ, ఉడికిన ఆకులా పాలిపోయి ఉంది. రెండు రోజుల్లో నల్లబడి కాగితంలా ఎండింది. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, కాలిన చోట ఆకు మళ్ళీ పచ్చబడదు.

అదే వాండా టెస్సెలాటా మన ఇప్ప చెట్ల మీద హాయిగా ఎండ కాచుకుంటుంది. రాక్స్‌బర్గ్ 1795లో వర్ణించిన మొక్క ఇది. ఎండాకాలం మొదట్లో ఇప్ప ఆకు రాలుస్తుంది, వెలుగు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మొక్క అలవాటు పడుతుంది. దాని ఆకు దోనెలా మడిచి ఉంటుంది కాబట్టి నడినెత్తి ఎండ ఏటవాలుగా తగులుతుంది. మన వాళ్ళు దీన్నీ బదనిక అనేస్తారు. అసలు బదనిక కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఇది బెరడును పట్టుకుంటుంది, అంతే. ఫలానా నక్షత్రంలో తెంపి బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందని నమ్మి కొమ్మల మీంచి పీకేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి పీకకండి.

దాని వేరు మీద నీళ్ళు చల్లి చూడండి. వెండిలా తెల్లగా ఉన్న వేరు క్షణాల్లో పచ్చబడుతుంది. పైపొర చచ్చిన కణాల స్పాంజి. గాలి నిండి ఉంటే తెలుపు, నీరు నిండితే లోపలి పత్రహరితం కనబడుతుంది. వేరు కూడా వెలుగుతో వండుకుంటుంది, మట్టిలో పూడ్చకూడదనడానికి అదీ ఒక కారణం.

అక్క కుండీని తూర్పు వరండాలోకి మార్చారు, తొమ్మిది దాకా పొద్దుటెండ, తర్వాత చాప నీడ. రెండు వారాలు కొంచెం కొంచెంగా జరపమన్నాను. నెల పోయాక ఫోన్. "తమ్ముడూ, ఆకు రంగు తగ్గుతోంది, టెన్షన్‌గా ఉంది, ఎరువు వేయనా?"

"వద్దక్కా, వెలుగు సరిపోతోంది కాబట్టి పత్రహరితం తగ్గించుకుంటోంది. లేత పచ్చ దగ్గర ఆగాలి, పసుపుకి పోకూడదు. మధ్యాహ్నం రెండింటికి ఆకు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే లోపలికి జరపండి."

రెండూ పదికి మెసేజ్ వచ్చింది. చల్లగానే ఉందట.