"సైకిలోడికి ఏటొస్తాది బాబూ?" - క్లెయిమ్ కేసుల్లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న సోమవారం సాయంత్రం కోర్టు నుంచి వచ్చేసరికి ఆఫీసు మెట్ల మీద ఒకాయన కర్ర పట్టుకుని కూర్చున్నాడు, పక్కన భార్య, ఆవిడ ఒళ్ళో బట్టల షాపు కవరు, అందులో ఎక్స్‌రేలు. నెల్లిమర్ల అవతల ఊరు, తాపీ మేస్త్రి, 38 ఏళ్లు. పొద్దున్నే సైకిలు మీద విజయనగరం పనికొస్తూ కుడిపక్క సందులోకి తిరగబోతుంటే వెనకనుంచి కారు గుద్దేసింది, మోకాలి కింద ఎముక రెండు ముక్కలు, రాడ్డు వేశారు. ఎప్పుడయ్యా జరిగింది అంటే "సిరిమానుకి నాల్రోజులు ముందు బాబూ" అన్నాడు. సిరిమానంటే మా విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర. నేను వేళ్ల మీద లెక్కెట్టుకుంటే గుండె గుభేలుమంది, కేసు వేసే ఆరు నెలల గడువుకి ఇంకా పదకొండు రోజులే ఉంది.

ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా అని కాస్త గట్టిగానే అడిగాను. "సైకిలోడికి ఏటొస్తాది బాబూ? నాకు లైసెన్సా, బండికి ఇన్సూరెన్సా? ఆ కారాయన కూడా అదే సెప్పినాడు. సెయ్యి సూపించకుండా తిరిగినావు, కేసయితే నీ మీదే అవుతాది అన్నాడు. ఐదేలు ఇచ్చినాడు, కాయితం మీద సంతకం ఎట్టించుకున్నాడు."

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఎం.వి.ఓ.పి.లు, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు, వేయడం, వాదించడం. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పేవాడు మారతాడు, ఊరు మారుతుంది, ఒకసారి గజపతినగరం, ఒకసారి చీపురుపల్లి, ఇంకోసారి పైడిభీమవరం ఫ్యాక్టరీకి నైట్ షిఫ్టుకెళ్లే కుర్రాడు, మాట మాత్రం ఇదే. చదువుకున్నవాళ్లు కూడా అంటారు, అదే నాకు ఒళ్ళు మండే విషయం.

సరిగ్గా వినండి. మోటారు వాహనాల చట్టం 1988 లెక్కలో సైకిలు మోటారు వాహనమే కాదు. అందుకే దానికి లైసెన్సు అక్కర్లేదు, ఆర్సీ అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు. అక్కర్లేనిది లేకపోతే తప్పెలా అవుతుంది? ఇన్సూరెన్సు ఉండాల్సింది గుద్దిన బండికి. ఏటేటా థర్డ్ పార్టీ అని డబ్బు కడతారు కదా, ఆ థర్డ్ పార్టీ ఎవరనుకుంటున్నారు? ఈ మేస్త్రే. సంత నుంచి నడిచెళ్లే ముసలమ్మే. సైకిలు మీద ట్యూషన్‌కెళ్లే గుంటడే. వీళ్లకి దెబ్బ తగిలితే ఇవ్వడానికే ఆ పాలసీ పుట్టింది. డ్రైవర్‌కి లైసెన్సు లేకపోయినా సాధారణంగా కంపెనీ ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనర్ దగ్గర రాబట్టుకోమంటాయి కోర్టులు. అసలు పాలసీయే లేకపోతే ఓనరే జేబులోంచి కట్టాలి, రాబట్టడం కష్టమే గానీ హక్కు హక్కే.

ఈ లైసెన్సు గోల ఎక్కడినుంచి వచ్చిందో నాకో అనుమానం. మా నాన్నగారి సైకిలుకి హ్యాండిల్ దగ్గర చిన్న రేకు బిళ్ల ఉండేది, ఏటా డబ్బు కట్టి బిళ్ల వేయించుకోవాలి, లేకపోతే పట్టుకుంటారు. రాత్రి లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసు ఆపి టైర్లో గాలి తీసేసేవాడు. గంటస్తంభం దగ్గర ఒకసారి ఆయన్ని ఆపితే నేను ముందు రాడ్డు మీద కూర్చుని ఏడ్చానట, అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆ బిళ్లల కాలం పోయింది గానీ సైకిలోడు ఎప్పుడూ తప్పులోనే ఉంటాడన్న భయం మాత్రం జనాల్లోంచి పోలేదు.

ఇప్పుడు అసలు ప్రాణం తీసే అపోహ. "క్లెయిమ్ ఎప్పుడైనా వేసుకోవచ్చు, తొందరేం లేదు." ఇది ఒకప్పుడు నిజమే. 1994 తర్వాత చాలా ఏళ్లు గడువు లేదు, నేనే ఐదేళ్ల పాత ప్రమాదాలకి వేశాను. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో, అంటే ఈ పరిహారం కేసులు వినే కోర్టులో, దాఖలు చేయాలి. మీ ఊళ్లో పెద్దాయనకి తెలిసింది పాత సంగతి. ఈ ఆరు నెలల రూలు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి, అది నమ్ముకుని ఇంట్లో పడుకోవద్దు. కట్టు విప్పాక వెళ్దాం, పంట కోతలయ్యాక వెళ్దాం, అమ్మాయి పెళ్లయ్యాక వెళ్దాం, ఇలాగే పోతాయి ఆరు నెలలు. మన జిల్లాలో జిల్లా జడ్జి గారే ట్రిబ్యునల్ చైర్మన్, ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, విశాఖ తిరగక్కర్లేదు.

ఐదు వేలకి ఏం వదులుకున్నాడో ఆ మేస్త్రికి కాగితం మీద వేసి చూపించాను. మీరూ చూడండి. నెలకి 12,000 సంపాదన అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. సొంత పని చేసుకునే నలభై లోపు వాళ్లకి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, అంటే 16,800. ఏడాదికి 2,01,600. కాలు వల్ల పని 30 శాతం తగ్గిందని తేలితే ఏడాదికి నష్టం 60,480. ఏడాది నష్టాన్ని వయసుని బట్టి ఒక అంకెతో గుణిస్తారు, దాన్నే మల్టిప్లయర్ అంటారు, 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకి అది 15, సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన పట్టిక అది. గుణిస్తే 9,07,200. ఆసుపత్రి ఖర్చు, నొప్పికి, పని లేని నెలలకి, అవి వేరే. ఇంకోటి, డాక్టరు సర్టిఫికెట్‌లో శాతం ఎంతుందన్నదే చూడరు, ఆ కాలుతో ఆ మనిషి తన పని చేసుకోగలడా అని చూస్తారు. కుర్చీలో కూర్చునే గుమాస్తా కాలు, పరంజా ఎక్కే మేస్త్రి కాలు ఒకటి కాదు కదా. లెక్క చూసి ఆయన ఏమీ అనలేదు, భార్య మాత్రం "ఐదేలు" అని రెండుసార్లు అంది.

పే స్లిప్ లేదు కదా అంటారు. మేస్త్రికి పే స్లిప్ ఎవడిస్తాడు? కోర్టుకీ తెలుసు అది. కాంట్రాక్టరో, తోటి మేస్త్రో వచ్చి సాక్ష్యం చెప్తే చాలు, అదీ లేకపోతే కోర్టే ఒక అంచనా వేసుకుంటుంది.

ఐదు వేలకి సంతకం పెట్టేయడానికి చెల్లెలు లాంటి తప్పు ఇంకోటుంది. ఆసుపత్రిలో మొదటి మాట. గుద్దినాయన కాళ్లావేళ్లా పడి "సైకిలు మీంచి పడిపోయాను అని చెప్పండి, ఖర్చంతా నేను చూసుకుంటాను" అంటాడు, మనవాళ్లు జాలిపడి అలాగే చెప్తారు. క్యాజువాలిటీలో డాక్టరు రాసుకున్న ఆ ఒక్క లైను రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్సు లాయరు చేతిలో బ్రహ్మాస్త్రం. తర్వాత మీరు ఎంతమంది సాక్షుల్ని తెచ్చినా "ఆ రోజు పడిపోయాను అన్నారు కదా" అంటాడు. ఖర్చు చూసుకుంటానన్నవాడు మూడో రోజు నుంచి ఫోన్ ఎత్తడు. ఏ బండి గుద్దింది, ఎటునుంచి, నంబరు తెలిస్తే నంబరు, తెలియకపోతే రంగు, అదే చెప్పండి, వూండ్ సర్టిఫికెట్‌లో, అంటే డాక్టరు రాసే గాయాల కాగితంలో, అది ఉండాలి. డబ్బు భయమైతే, 2025 మేలో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ వైద్యం స్కీమ్ ఉంది, మోటారు బండి వల్ల దెబ్బ తగిలిన ఎవరికైనా ఏడు రోజులు, లక్షన్నర దాకా, స్కీములో ఉన్న ఆసుపత్రిలో. సైకిలు తొక్కేవాళ్లకీ వర్తిస్తుంది.

మరి తప్పు సైకిలు వాడిదైతే? అక్కడికొద్దాం, ఎందుకంటే కార్ల వాళ్లు నన్ను ఎక్కువ అడిగేది ఇదే, పైగా నేనూ ఇప్పుడు కారే నడుపుతాను, ఎత్తు బ్రిడ్జి మీద ఎదురుగా సైకిలు వస్తే లోపల్లోపల తిట్టుకుంటాను, అబద్ధం ఎందుకు. సైకిలు వాళ్ల తప్పులు ఉన్నాయి. చెయ్యి చూపించరు, వెనక రిఫ్లెక్టర్ ఉండదు, క్యారేజీ మీద వెడల్పుగా మూట కట్టి ఊగుతూ తొక్కుతారు. అన్నిటికంటే చెడ్డది రోడ్డుకి కుడిపక్క ఎదురొచ్చి తొక్కడం, "ఎదర బండి కనపడతాది కదా" అంటారు. అది నడిచేవాళ్లకి, నాయనా. ఫుట్‌పాత్ లేని చోట నడిచేవాడు ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడిపక్క నడవాలి, సైకిలు మాత్రం ఎడమపక్కే. గంటకి 50లో వచ్చే కారుకి నువ్వు 15లో ఎదురెళ్తే గుద్దుకునే వేగం 65, వెనకనుంచి అయితే 35. తేడా నీ తలకాయకి తెలుస్తుంది.

కానీ సైకిలు వాడి తప్పు కొంత ఉంటే అతనికి ఏమీ రాదు అనేది మాత్రం శుద్ధ అబద్ధం. ఇద్దరి తప్పూ ఉంటే కోర్టు పంచుతుంది, ఇతనిది పాతిక శాతం అనుకుంటే పరిహారంలో పాతిక శాతం కోస్తుంది, మిగతాది ఇస్తుంది. "హారన్ కొట్టాను కదండీ" అనేది జవాబు కాదు, ఇంకోడు తప్పుకుని తీరాలని హారన్ ఏమీ హుకుం కాదు. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనే నడిచేవాళ్లు, సైకిళ్లు, పిల్లలు, ముసలివాళ్ల విషయంలో డ్రైవర్ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని ఉంది.

గుద్దినవాళ్ల భయం కూడా నాకు తెలుసు. పోయిన వేసవిలో ఒక టీచరమ్మ వచ్చింది, స్కూటీతో సైకిలు ముసలాయన్ని తగిలించి, జనం మూగుతారని భయపడి వెళ్లిపోయింది, రాత్రంతా నిద్రలేదు, "సార్ పదేళ్లు జైలంట కదా" అని చెయ్యి వణుకుతోంది. అది వాట్సాప్ పుణ్యం. గుద్ది పారిపోతే పదేళ్లు అనే 106(2) సెక్షన్ మీద లారీ డ్రైవర్లు సమ్మె చేశాక, 2024 జులై 1న కొత్త న్యాయసంహిత వచ్చినప్పుడు ఆ ఒక్క క్లాజుని అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. పైగా అది ప్రాణం పోయిన కేసులకి, ఆ ముసలాయనకి మోచెయ్యి గీసుకుపోయింది అంతే. జనం కొడతారనిపిస్తే అక్కడ ఆగక్కర్లేదమ్మా, తిన్నగా స్టేషన్‌కెళ్లి చెప్పు, 108కి ఫోన్ చెయ్యి, చట్టమే ఆ వీలిచ్చింది, నీ పాలసీ ఉంది, డబ్బు నువ్వు కట్టవు అన్నాను. అప్పుడు ఏడ్చింది. పారిపోవడమే కేసుని పాడు చేస్తుంది, గుద్దడం కంటే.

మిగతావి గబగబా. బండి నంబరు తెలియకపోతే ఏమీ రాదు? వస్తుంది, ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రమైన గాయమైతే 50,000, రెవెన్యూ వాళ్ల దగ్గర దరఖాస్తు, ఎఫ్ఐఆర్ మాత్రం కావాలి. హైవే మీద సైకిలు నిషేధం? బోర్డు పెట్టి ఆపిన చోట నిషేధం, మామూలు హైవే మీద కాదు. రోడ్ టాక్స్ కట్టనివాడికి రోడ్డు మీద హక్కు లేదు? ఈ మాట అన్నవాడికి నేను జవాబు చెప్పను. బ్యాటరీ సైకిళ్లన్నిటికీ లైసెన్సు అక్కర్లేదు? మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్లు దాటకపోతేనే, షాపువాడి మాట కాదు, బండి కాగితం చూడండి. రెండు సైకిళ్లు గుద్దుకుంటే, సైకిలుకి ఆవు అడ్డొస్తే? ట్రిబ్యునల్ పని కాదు, మోటారు బండి ఉండాలి.

మన మేస్త్రి దగ్గరికి వద్దాం. ఎఫ్ఐఆర్ లేదు, ఐదు నెలలు దాటిపోయింది. ఎఫ్ఐఆర్ ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది గానీ ఇన్సూరెన్సు లాయరు దాన్ని పీకి పాకం పెడతాడు, కాబట్టి గట్టి ఆధారం కావాలి. కారు నంబరు గుర్తుందా అంటే లేదు. ఆసుపత్రి కాగితంలో తెల్ల కారు అని ఉంది, అది భార్య పుణ్యం, "పడిపోనాడని సెప్పమన్నారు, నాను సెప్పలేదు" అంది. అది మాత్రమే చాలదే అని ఆలోచిస్తూ ఆ రాజీ కాయితం ఏమైందయ్యా అని అడిగాను. మొహమాటంగా కవరు అడుగు నుంచి తీసింది, నాలుగు మడతలు, పసుపు మరకలు. ఒకటి ఆయన తీసుకుని ఇంకోటి వీళ్లకిచ్చాడట. విప్పితే తేదీ, స్థలం, కారు నంబరు, "నా కారు తగిలి గాయపడినందున మానవతా దృక్పథంతో" అని ముత్యాల్లాంటి అక్షరాలు, కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు. కేసు పెట్టకూడదని అంత జాగ్రత్తగా రాయించుకున్న పెద్దమనిషి మాకు కావాల్సినవన్నీ రాసిచ్చాడు.

మర్నాడే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం, గడువుకి ఆరు రోజులుండగా ఓ.పి. వేశాం. వకాలత్ మీద సంతకం పెడుతుంటే గుర్తొచ్చి సైకిలు ఎక్కడుంది, వెనక చక్రం ఫొటో తీయాలి అన్నాను. ఆయన భార్య వైపు చూశాడు.

"పాత ఇనప కొట్టోడికి ఇచ్చేసినాం బాబూ, నూట ఎనభై ఇచ్చినాడు."