ప్రేరణ కోసం లడఖ్ దాకా వెళ్లాలా? చెన్నైలో ఫోటోలు తీసేవారి అపోహలు, వాస్తవాలు

చెన్నైలో వారాంతపు ఫోటోగ్రఫీ తరగతులు చెబుతూ, తెల్లవారుజామున విద్యార్థులను వీధుల్లోకి, సముద్రతీరానికి తీసుకువెళ్లడం నా వృత్తి. నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఎపర్చర్, ఐఎస్ఓ లాంటి కెమెరా సెట్టింగుల గురించి కాదు. "సార్, ఈ ఊళ్లో తీయడానికి ఏముంది? నాకు ఇన్‌స్పిరేషన్ రావడం లేదు" అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారిలో ఎక్కువమంది నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీది ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్న మన పిల్లలే. కొన్న ఏడాదిలోపే కెమెరాను అమ్మకానికి పెట్టినవారు, దాన్ని అమ్మి ఇంకా ఖరీదైనది కొన్నవారు, ఏమీ తోచక బీరువాలో పెట్టి దిగులుపడుతున్నవారు వారిలో ఉన్నారు. వారి దిగులు నిజమైనదే. దాని వెనకున్న నమ్మకం మాత్రం తప్పు.

అపోహ: ముందుగా ప్రేరణ కలగాలి, ఆ తర్వాతే మంచి ఫోటో వస్తుంది, ఆ ప్రేరణ లడఖ్‌లోనో స్పితిలోనో తప్ప మన ఊళ్లో దొరకదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం మనుషులకు పెట్టించే ఖర్చు మిగతా అపోహలన్నీ కలిసి కూడా పెట్టించలేవు. వాయిదాల మీద ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొని, సెలవులన్నీ కూడబెట్టి ఒక వారం హిమాలయాలకు వెళ్లి, అక్కడ అప్పటికే వేలమంది తీసిన సరస్సునే మళ్లీ తీసుకుని, మిగిలిన యాభై ఒక్క వారాలు కెమెరా ముట్టకుండా గడపడం అప్పు చేసి పప్పుకూడు తినడమే. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ యాభై ఒక్క వారాల సాధన పోవడం అంతకన్నా పెద్ద నష్టం. నేను చూసినంతలో ప్రేరణ పనికి ముందు రాదు. ఒకే చోటుకు వేర్వేరు వెలుతురుల్లో మళ్లీ మళ్లీ వెళ్లేవారికి, ఏదో ఒక చిన్న ప్రశ్న పట్టుకుని వెళ్లేవారికి, పని మధ్యలో ఎక్కడో అది తగులుతుంది.

ఆ ప్రశ్నను ఇవ్వడానికే ఊళ్లో శిల్పాలు, గోడచిత్రాలు ఉన్నాయని నా గట్టి అభిప్రాయం. మెరీనాలోని శ్రామిక విజయ శిల్పాన్ని తీసుకోండి. బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల ఆ కాంస్య శిల్పాన్ని మద్రాసు కళాపాఠశాలకు తొలి భారతీయ ప్రిన్సిపల్ అయిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి రూపొందించగా, 1959 జనవరిలో, గణతంత్ర దినోత్సవానికి ముందురోజు ఆవిష్కరించారు. మన దేశంలో తొలి మే డేను 1923లో కార్మిక నాయకుడు సింగారవేలు జరిపింది కూడా ఈ మద్రాసు తీరంలోనే. ఈ ఊరి మనుషులు రోజూ ఆ శిల్పం పక్కనుంచే బస్సుల్లో వెళుతుంటారు, తలెత్తి చూసేవారు తక్కువ.

ఒంగోలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ శిల్పం ముందు నిలబడి, "ఇది అందరూ తీసిందే కదండీ, నేను కొత్తగా తీసేదేముంది?" అని కాస్త నీరసంగా అడిగింది. శిల్పం మొత్తాన్ని వదిలిపెట్టి, బరువు ఆ ఒంట్లో ఎక్కడ పడుతోందో అదొక్కటే తీసుకు రమ్మన్నాను. మొదటిసారి ఆమె తెచ్చినవన్నీ నల్లటి ముద్దలే. ముదురురంగు కంచు వెనకాల తెల్లవారిన సముద్రాకాశం ఉన్నప్పుడు కెమెరా ఆకాశాన్ని కొలిచి శిల్పాన్ని చీకటి చేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఎంచుకున్న చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టుకోవడమో, ఎక్స్‌పోజర్‌ను ఒకటి, ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు పెంచితే వెలుతురు రెట్టింపు) పెంచడమో చేయాలి. నీడబొమ్మే కావాలనుకుంటే అందుకు వ్యతిరేకంగా ఒక స్టాపు తగ్గించాలి. ఇది తెలిశాక ఆమె సాయంత్రాలు కూడా రావడం మొదలుపెట్టింది. ఎండ రోడ్డు వైపు నుంచి ఏటవాలుగా పడే ఆ వేళలో వీపుల మీది కండరాలు ఒక్కొక్కటిగా విడివడి కనిపించాయి.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. లైట్‌హౌస్ దాటాక ఉన్న నొచ్చికుప్పంలో జాలర్లు ఫైబర్ పడవను ఇసుక మీదికి నెడుతుంటే, ఆ వంగిన నడుముల్లో, ఇసుకలో దిగబడిన మడమల్లో ఆమెకు అదే భంగిమ కనిపించింది. అక్కడి నుంచి కోయంబేడు మార్కెట్‌లో ఉల్లిపాయ బస్తాల బండి తోసేవాళ్లు, వాన నీళ్లలో ఆగిపోయిన ఆటోను నెట్టుకెళ్లే డ్రైవరు, అపార్ట్‌మెంట్ మెట్ల మీద నీళ్ల క్యాన్‌ను భుజానికెత్తుకున్న కుర్రవాడు వరసగా వచ్చి చేరారు. ఆ ఫోటోల్లో ఒక్కటైనా విమానం ఎక్కి తీసినది కాదు, అన్నీ కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సుతో తీసినవే. "ఇన్‌స్పిరేషన్" అన్న మాట ఆమె నోట మళ్లీ వినలేదు, బహుశా దానికి తీరిక లేకపోయి ఉంటుంది.

ఓఎంఆర్ మీద పనిచేసేవారికి మెరీనా దూరమనిపిస్తే తొరైపాక్కం పక్కనే కన్నగినగర్ ఉంది. ఊరి నడిబొడ్డు నుంచి, తీరం నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలకు ఇచ్చిన పునరావాస కాలనీ అది. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ 2020 నుంచి అక్కడి అపార్ట్‌మెంట్ గోడల మీద దేశవిదేశీ చిత్రకారులతో నిలువెత్తు బొమ్మలు వేయించింది. గోడ ముందు నిలబడి సెల్ఫీ దిగి వెళ్లిపోయేవారికి అది రంగుల తెర మాత్రమే. పెద్ద ముఖం బొమ్మ కంటి పక్కనే కిటికీలోంచి ఆరేసిన చీరను, కింద ప్లాస్టిక్ బిందెల వరసను కలిపి చూసినవారికి అక్కడ పని దొరుకుతుంది. అది మనుషులు కాపురముండే చోటు కనుక అడిగి తీయాలి; కెమెరాను మెడలో వేలాడదీసుకుని ముందు టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చోవాలి. కొత్తవారు జనం తిడతారేమోనని భయపడతారు. ఆ భయంలో తప్పేమీ లేదు. ఒక నమస్కారం, తడబడే తమిళంలో రెండు మాటలు దాన్ని చాలావరకు తీరుస్తాయి. వద్దన్నవారిని వదిలేస్తే మిగతాది కూడా తీరుతుంది.

మిగిలిన అపోహలను త్వరగా ముగిస్తాను.

"ఉదయం, సాయంత్రం గంటసేపు బంగారు వెలుతురు ఉంటుంది, మధ్యాహ్నపు ఎండ దేనికీ పనికిరాదు" అంటారు. రెండూ సగం నిజాలే. ఈ సూత్రాలు చలిదేశాల పుస్తకాల్లోంచి వచ్చాయి. దాదాపు 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్న చెన్నైలో సూర్యుడు నిట్టనిలువుగా పైకి లేస్తాడు కనుక ఆ మెత్తని వెలుతురు అరగంటకు మించి నిలవదు. సూర్యోదయానికి చేరుకుంటే ఆలస్యమైనట్టే, అంతకుముందే చేరుకోవాలి. ఇక మధ్యాహ్నం విషయానికొస్తే, మామల్లపురంలో పల్లవులు చెక్కిన అర్జున తపస్సు శిల్పం తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున్నే ఎండ నేరుగా పడి రాయంతా చదునుగా కనిపిస్తుంది. పదకొండు దాటాక ఎండ పైనుంచి రాతిని రాసుకుంటూ దిగేటప్పుడు ఏనుగుల కడుపులు గుండ్రంగా ఉబ్బుతాయి, ముందుకాళ్లెత్తి తపస్సు చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఉన్న ఎలుకలు రాతిలోంచి బయటికి వస్తాయి. టోపీ పెట్టుకుని ఆ వేళకు వెళ్లండి.

మన్రో విగ్రహం కథ గురించి కూడా ఒక మాట. అణ్ణా సాలైలో ఐలండ్ మైదానం దగ్గర గుర్రమెక్కిన సర్ థామస్ మన్రోకు రికాబులు (రౌతు పాదాలు ఆన్చే కొక్కేలు) లేవని, శిల్పి మరచిపోయి సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడని ప్రతి ఫోటో నడకలోనూ ఎవరో ఒకరు చెబుతారు. వినీ వినీ నాకు విసుగొచ్చింది. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగో జార్జి విగ్రహానికీ రికాబులు పెట్టలేదు, అది ఆయన శైలి. 1839లో విగ్రహాన్ని ఇక్కడ నిలబెట్టాక కూడా ఆయన బతికే ఉన్నాడు. రాయలసీమను దత్తమండలాలన్న రోజుల్లో కలెక్టరుగా పనిచేసి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆ మనిషి గురించి మన తెలుగువాళ్లకు చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సంగతులు ఉన్నాయి. రికాబు పట్టీలు అడ్డురానందువల్ల కిందినుంచి చూసినప్పుడు కాలి గీత, గుర్రం పొట్ట గీత ఎంత శుభ్రంగా ఆకాశం మీద నిలుస్తాయో గమనించడం ఫోటోగ్రాఫర్ పని.

"తమిళనాడులో ట్రెక్కింగ్ నిషేధించారు" అన్న వాట్సాప్ వార్త ప్రతి ఏడాదీ తిరుగుతుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి అడవిలో కార్చిచ్చు 20 మందికి పైగా ట్రెక్కర్లను బలితీసుకున్న తర్వాత నిబంధనలు కఠినమయ్యాయి, అంతే. 2024లో అటవీశాఖ ట్రెక్ తమిళనాడు పేరుతో 40 మార్గాలను ఆన్‌లైన్ బుకింగ్‌తో, గైడులతో తెరిచింది. చెన్నైకి దగ్గరలోని గుడియం గుహల దారి వాటిలో ఒకటి. కార్చిచ్చుల కాలంలో దారులు మూస్తారు, అప్పుడు వెళ్లకూడదు. ఉబ్బలమడుగు, నాగలాపురం మడుగుల దగ్గర అనుమతి లేని చోట జలపాతం ఫోటో కోసం నాచుపట్టిన రాళ్లెక్కేవారికి నా దగ్గర సానుభూతి లేదు. నీళ్లను పట్టుదారంలా చూపించడానికి సెకనులో నాలుగో వంతు షట్టర్, ఒక ట్రైపాడ్, గట్టున పొడిగా ఉన్న చోటు చాలు.

"బహిరంగ స్థలంలో ఉన్న కళను ఎలాగైనా వాడుకోవచ్చు" అన్నది ఫోటోలు అమ్ముకునేవారిని ఇబ్బంది పెట్టే అపోహ. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించవచ్చు. ఆ మినహాయింపు జాబితాలో వర్ణచిత్రం లేదు. అందువల్ల గోడచిత్రమే ప్రధానంగా ఉన్న ఫోటోను క్యాలెండర్‌కో ప్రకటనకో అమ్మే ముందు చిత్రకారుడి అనుమతి తీసుకోండి.

చివరిది, వానాకాలంలో నాకు ఎక్కువగా వచ్చే ఫోను: "సార్, లెన్సు పాడైపోయింది, లోపలంతా మంచు పట్టింది." పాడు కాలేదు. ఏసీ గదిలో చల్లబడిన గాజుకు చెన్నై ఉక్కపోత తగిలితే తేమ పడుతుంది. బయటికి వచ్చాక అరగంట కెమెరాను సంచిలోంచి తీయకండి, మధ్యలో లెన్సు మార్చకండి. మంచు దానంతటదే పోతుంది. నెలల తరబడి బీరువాలో ఉంచిన లెన్సుకు పట్టే బూజు మాత్రం అలా పోదు. దానికి సిలికా జెల్ వేసిన గాలిచొరని డబ్బా ముందే కొనుక్కోవాలి.